బురద తెచ్చినవారు

ఇరవై ఎనిమిదో రోజు అంకె చూసి హరినాథ్ సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్లద్దాలు తీశాడంటే ఎవరికో మూడినట్టే. ల్యాబులో ఉన్న మిగతా ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

“నలభై ఎనిమిది శాతం,” అన్నాడు. “అరవై దాటాల్సింది నలభై ఎనిమిది దగ్గర చతికిలబడింది. ఎందుకు?”

ఉదయలక్ష్మి తల వంచుకుని తన పేరు అతికించిన సీసాల వైపే చూస్తూ నిలబడింది. ఆ ‘ఎందుకు’కు జవాబు తెలిసినవాళ్లు ఆ గదిలో ఒక్కరే ఉన్నారు, అది తనే అని ఆమె నమ్మకం.

నాలుగేళ్లుగా ఆమె చేస్తున్నది ఒక రకం సబ్బు. ఒంటికి రుద్దుకునేది కాదు. మందునో, జన్యువునో కణం లోపలికి పంపాలంటే సన్నని కొవ్వు పొట్లంలో చుట్టి పంపాలి. ఆ పొట్లం దారిలో విడిపోకుండా పట్టి ఉంచే సబ్బు ఇది. పాతరకం సబ్బులు పొట్లాన్ని బాగానే మోస్తాయి, పనయ్యాక మాత్రం వదిలిపోవు, ఉన్నచోటే ఉండి కణాన్ని పాడుచేస్తాయి. కాలవలో కలిసినా అంతే, ఏళ్లతరబడి అరగవు. ఉదయలక్ష్మి ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లానికి కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాన్ని అతికించింది. పనయ్యాక ఆ అతుకు ఊడి, మామూలు తిండిలాగా అరిగిపోవాలి. అరుగుతుందో లేదో తేల్చేది మురుగు బురదలో ఉండే సూక్ష్మజీవులే. సీసాలో బురద, అందులో సబ్బు. ఇరవై డిగ్రీల ఇంక్యుబేటరులో ఇరవై ఎనిమిది రోజులు ఆపకుండా కలియతిప్పుతూ ఉంచాలి. ఆ జీవులు ఎంత ఊపిరి పీల్చాయో సీసా మూతకున్న మీటరు అయిదు నిమిషాలకోసారి రాసుకుంటుంది. అవి ఎంత తింటే అంత ఊపిరి. సబ్బులో అరవై శాతం అరిగితేనే పరీక్ష నెగ్గినట్టు.

ఆపకుండా అన్న మాట పరీక్ష నియమాల్లో రెండుసార్లు ఉంది.

“బురద తెచ్చిందెవరు?” అన్నాడు సారు.

“నేనే సార్,” అన్నాడు మునెయ్య. సింకు దగ్గర సీసాలు కడుగుతున్నవాడు బ్రష్షు పక్కన పెట్టి, తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని ముందుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. కాంట్రాక్టు ఏజెన్సీ తరఫున వచ్చే అటెండరు. ఊరవతల మురుగునీళ్లు శుద్ధిచేసే చోటికి టీవీఎస్ బండి మీద పోయి, క్యానులో బురద పట్టుకొస్తాడు. మూత బిగించడు, తడిగుడ్డ కప్పి దారంతో కడతాడు. బిగిస్తే లోపలివాటికి ఊపిరాడదని అతనికి ఎవరూ చెప్పలేదు, మొదటి నెలలోనే కనిపెట్టుకున్నాడు.

“దోవలో యాడన్నా ఆపినావా?”

“ఒకసారి ఆపినా సార్. టీ తాగేదానికి. బండి నీడలోనే పెట్టినా.”

“అదీ సంగతి,” అన్నాడు సారు, వెతుకుతున్న తాళంచెవి దొరికినట్టు. పేజీలకు అంకెలు వేసిన పెద్ద రిజిస్టరు ముందుకు లాక్కుని పెన్ను తీశాడు. పరీక్ష చెల్లదు. కారణం, బురదలో జీవం సరిగా లేకపోవడం. బురద తెచ్చినవారు, మునెయ్య.

నాలుగేళ్లలో ఈ ల్యాబునుంచి ఏడు వ్యాసాలు అచ్చయ్యాయి. ఏడింటికీ బురద మోసింది మునెయ్యే. ఒక్కదాంట్లోనూ కృతజ్ఞతల కింద కూడా అతని పేరు లేదు. మొట్టమొదటిసారి ఇదిగో ఇక్కడ పడింది. ఆ పేరు తడి ఆరేదాకా ఉదయలక్ష్మి చూస్తూనే ఉంది.

మునెయ్య వాదించలేదు. ఆమె వైపు ఒకసారి చూసి, వెంటనే తల దించుకుని మళ్లీ సింకు దగ్గరికి పోయాడు. మిగిలిన రెండు సీసాలూ కడిగి బోర్లించాడు.

*

మంగళవారం మునెయ్య రాలేదు.

“ఆయన్ను వద్దన్నారంట అక్కా,” అంది మోనిక, ఏడాది కిందట చేరిన పిల్ల. “సారు ఏజెన్సీకి లెటరు పెట్టినాడంట. కొత్తాయన్ను వచ్చే వారం పంపిస్తారంట.”

“ఎవరు చెప్పినారు?”

“ఆఫీసులో అనుకుంటాండారు. బురద చెడగొట్టినాడని.”

చెడగొట్టినాడు. ఆ మాట మోనిక నోట మామూలుగా వచ్చేసింది, కరెంటు పోయిందన్నంత మామూలుగా. ఉదయలక్ష్మి ఏదో పనున్నట్టు సింకు దగ్గరికి పోయింది. పరీక్ష సీసాలు పన్నెండూ అక్కడే ఉన్నాయి, అడుగున నల్లటి మడ్డితో. వాటిని ఎలా కడగాలో ఆమెకు సరిగ్గా తెలియదు. తెలియదంటే నవ్వుతారు గానీ, నిజం. ఈ సీసాలకు సబ్బు తగలకూడదని తెలుసు. వేణ్ణీళ్లతో కడగాలని తెలుసు. ఎన్నిసార్లు? మునెయ్య కడిగి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాడు. నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోకుండా గాజు నిండా పొరలాగా జారితేనే శుభ్రమైనట్టు. ఆమె అయిదుసార్లు కడిగి ఎత్తి చూసింది. బొట్లే. ఏడుసార్లు కడిగింది. అయినా బొట్లే. చేతులు ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నం తన నోటుపుస్తకం తీసి పద్నాలుగో రోజు పేజీ తిప్పింది. పన్నెండు సీసాల్లో రెండింటిలో సబ్బు వెయ్యరు, సులభంగా అరుగుతుందని లోకానికంతా తెలిసిన ఒక రసాయన ఉప్పు వేస్తారు. పద్నాలుగు రోజుల్లో ఆ ఉప్పు అరవై శాతం అరిగితే బురద మంచిదన్నట్టే. పేజీలో ఆమె దస్తూరీతోనే ఉంది. డెబ్బై నాలుగు. పక్కన నీలం సిరాతో టిక్కు, టిక్కు కింద సంతోషం పట్టలేక గీసుకున్న చిన్న పువ్వు.

బురదకు ఏ రోగమూ లేదు. మునెయ్య నిర్దోషి అని ఆమె చేత్తోనే రాసి, పువ్వు కూడా వేసి ఉంది.

రోగం వచ్చింది పంతొమ్మిదో రోజున. శనివారం, ఆయుధ పూజ. ల్యాబంతా కడిగి, యంత్రాలన్నిటికీ గంధం, కుంకుమ పెట్టారు. మిగతావాళ్లు నడుస్తున్న యంత్రాలకు నడుస్తుండగానే బొట్టు పెట్టేశారు. ఉదయలక్ష్మి చెయ్యి పోలేదు. నగరిలో వాళ్ల ఇంట్లో పవర్‌లూములు నాలుగు. ఆయుధ పూజనాడు నాయన మోటారు స్విచ్చి ఆపి, చప్పుడంతా ఆగిపోయాక, పోగు మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడెను కళ్లకద్దుకుని అప్పుడు బొట్టు పెడతాడు. ఆడుతున్న మగ్గానికి బొట్టు పెట్టడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అందుకని ఇంక్యుబేటరు మెయిన్ స్విచ్చి ఆపింది. కలియతిప్పే పలక కూడా దానికే తగిలించి ఉంది. తలుపుకు, స్విచ్చికి కుంకుమ పెట్టింది. హారతి అయినాక వేద్దామనుకుంది. హారతి అయింది, బొరుగులు శనగలు పంచారు, ఫోటోలు తీసుకున్నారు, బస్సుకు టైమైందని బ్యాగు తగిలించుకుని పరుగెత్తింది.

ఇంతవరకైతే మరుపు. మరుపుకు సిగ్గుపడక్కర్లేదు. మనుషులన్నాక మరిచిపోతారు.

బస్టాండులో పండగ రద్దీ. రెండు బస్సులు వదిలేసి మూడోదాంట్లో ఎక్కింది. నాలుగు గంటలప్పుడు, నగరి దారిలో, బస్సు పుత్తూరు దాటుతుంటే ఎవరో సీటు కింద బ్యాగు కోసం తడుముతూ లైటు వెయ్యమన్నారు. కండక్టరు స్విచ్చి నొక్కాడు. అంతే, ఇంక్యుబేటరు స్విచ్చి గుర్తొచ్చింది. ఫోను తీసింది. మునెయ్య పేరు తీసి పెట్టుకుంది. అతని ఇల్లు ల్యాబుకు అయిదు కిలోమీటర్లు. ల్యాబు తాళంచెవి అతని దగ్గర కూడా ఉంటుంది. చేస్తే అరగంటలో పోయి వేసేవాడు, ఎందుకని కూడా అడిగేవాడు కాదు.

చెయ్యలేదు. చేస్తే మరిచిపోయిందని ఒక మనిషికి తెలుస్తుంది. అటెండరుకు తెలుస్తుంది. రెండు రోజులకు ఏమవుతుందిలే అనుకుంది. ఫోను బ్యాగులో వేసి జిప్పు లాగింది. ఇంట్లో పండగ చేసుకుంది, చక్కెర పొంగలి తింది. సోమవారం పొద్దున తొమ్మిదికి వచ్చి ఎవరూ చూడకుండా స్విచ్చి వేసింది. అప్పటికి సీసాలు వెచ్చగా ఉన్నాయి, బురద అడుగుకు దిగి గడ్డకట్టి ఉంది.

*

బుధవారం పొద్దున రెండుసార్లు సారు గది దాకా పోయి వెనక్కి వచ్చింది. మూడోసారి ఆయనే చూసి లోపలికి రమ్మన్నాడు.

“సార్, పంతొమ్మిదో రోజు ఇంక్యుబేటరు ఆపింది నేను. పూజకని ఆపి, వెయ్యడం మరిచిపోయినాను.”

పుత్తూరు సంగతి చెప్పలేదు. అంత ధైర్యం ఇంకా రాలేదు.

హరినాథ్ సారు కోప్పడలేదు. కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. పన్నెండు సీసాల గీతలూ చక్కగా పైకి ఎక్కుతూ వచ్చి, ఒకచోట అన్నీ ఒకేసారి పడకేశాయి.

“శనివారం పన్నెండూ పదికి పడుకుంది. సోమవారం తొమ్మిదీ అయిదుకు మళ్లీ కరెంటు వచ్చింది. ఆ రోజు అందరికంటే ముందు వచ్చింది నువ్వు. నేను గడ్డి తింటున్నానా అమ్మా, ఇది చూసి కూడా తెలుసుకోలేకపోడానికి?”

“మరి మునెయ్యన్న పేరు ఎందుకు...”

“చూడు. బురద బాగలేదని రాస్తే ఇంకోసారి చేస్తాం, ఎవరూ ఏమీ అడగరు. మనిషి తప్పని రాస్తే నీ పేరు పడుతుంది. నీ పేరు పడితే నాలుగేళ్ల డేటా మొత్తం తిరగతోడతారు. నవంబరులో డబ్బు పెట్టే కంపెనీవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. నీ థీసిస్సు, ఈ ప్రాజెక్టు, రెండూ ఈ పరీక్ష రిపోర్టు మీదే ఉన్నాయి.”

“మునెయ్యన్న?”

“ఆయనకేం. ఏజెన్సీవాళ్లు ఇంకో ఆఫీసులో వేస్తారు.”

“వేసినారా సార్?”

“వేస్తారులే. నువ్వు పోయి కొత్త సీసాలకు లేబుళ్లు రాసుకో.”

ఆమె బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఆ నిమిషంలో ఆమెకు కలిగింది బాధ కాదు. అమ్మయ్య అనిపించింది. గుండెల మీద బరువు దిగి, ఆకలి కూడా వేసింది. క్యాంటీన్ వైపు నాలుగడుగులు వేసింది కూడా. అయిదో అడుగులో తనకు ఆకలి వేస్తున్నదన్న సంగతి తెలిసి, తనమీద తనకే రోత పుట్టింది. ఇంక్యుబేటరు ఆపినప్పుడు గానీ, ఫోను బ్యాగులో వేసి జిప్పు లాగినప్పుడు గానీ అంత సిగ్గు కలగలేదు.

*

సాయంత్రం అయిదింటికి తిరుచానూరు బస్సెక్కింది. గుడి వీధి మొదట్లో మునెయ్య భార్య పెంచలమ్మది పూల అంగడి. అంగడంటే రెండు బల్లలు, పైన టార్పాలిన్. పెంచలమ్మ కనకాంబరాలు కడుతోంది. మునెయ్య కింద కూర్చుని తామర మొగ్గల మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. ఉదయలక్ష్మిని చూసి గబుక్కున లేచి, బల్ల కింద నుంచి స్టూలు లాగి తువ్వాలుతో తుడిచాడు.

“కూసో పాపా. మేయ్, ఆ పాప వచ్చినాది చూడు, నగరి పాప.”

పెంచలమ్మ తలెత్తి చూసింది. వేళ్లు ఆగలేదు.

ఉదయలక్ష్మి స్టూలు మీద కూర్చుని, దారంతా అనుకుంటూ వచ్చిన మొదటి మాట ఎత్తబోయింది. ఈలోగా మునెయ్యే మొదలుపెట్టాడు.

“నేనే నీకాడికి రావాలనుకుంటాండా. మొగం చెల్లక రాలే.” తువ్వాలు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. “ఆ పండగ శనివారం సాయంత్రం ల్యాబు కుండీలకు నీళ్లు పోద్దామని వచ్చినా పాపా. నాలుగు గంటలప్పుడు. తలుపు తీస్తే సద్దు లేదు. రోజూ గుయ్యిమని ఉండేదే గదా. సూస్తే నీ పెట్టె ఆగి ఉండాది. స్విచ్చి మీద బొట్టు ఉండాది.”

గుడి వైపు నుంచి జనం వస్తూ పోతూ ఉన్నారు.

“వేద్దామని సెయ్యి పెట్టినా. మళ్లీ తీసేసినా. పూజ చేసిన మగ్గాన్ని తెల్లారేదాకా ముట్టకూడదని, నిలబెట్టినోళ్లే మళ్లీ నడపాలని ఒకతూరి నువ్వే చెప్పినావు. సరే, ఈ పాప వాళ్లింటి పద్ధతి చేసినాదేమో, కావాలనే ఆపినాదేమో అనుకుంటి. నీకు ఫోన్ చేసి అడుగుదామని జేబులోంచి తీసినా గూడా. పండగపూట ఇంటికి పొయ్యే పిల్లను గాబరా పెట్టేది దేనికని మళ్లీ జేబులో పెట్టుకున్నా.” అతను తామర మొగ్గల వైపు చూస్తూ చెబుతున్నాడు. “నాలుగేండ్లు బురద మోసినోడిని. కలబెట్టకుంటే సచ్చిపోతాదని నాకు తెలీదా? తెలిసీ ఊరకుండినా. సారు నా పేరు రాసింది న్యాయమే. నీ సదువు పాడు చేసినా పాపా.”

మొన్న సోమవారం ల్యాబులో అతను తనవైపు చూసి తల దించుకున్నది ఎందుకో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఆ గదిలో ముగ్గురు ఉన్నారు. ముగ్గురికీ తెలుసు. అందులో తప్పు తనదని అనుకున్నవాడు ఒక్కడే, ఏ తప్పూ లేనివాడు.

ఇప్పుడు ఏమీ చెప్పకుండా లేచి రావచ్చు. అతనే మోసుకుంటున్నాడు, మోయనిస్తే చాలు. పర్వాలేదులే మునెయ్యన్నా అంటే పెద్దమనసు గల పిల్ల అని కూడా అనుకుంటాడు. పర్వాలేదులే అన్న మాట నిజంగానే నాలుక చివరిదాకా వచ్చింది.

“నాలుగు గంటలకు నేను పుత్తూరులో ఉండినాను,” అంది. “బస్సులో. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆపి వచ్చినానని. నీ పేరు తీసి ఫోను చేతిలో పట్టుకున్నాను. నువ్వు వెంటనే పోతావని తెలుసు. నేను మరిచిపోయినట్టు నీకు తెలిసిపోతుందని చెయ్యలేదు. సోమవారం సారు నిన్ను అడుగుతుంటే పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు. బురద మంచిదేనని నా పుస్తకంలోనే రాసుంది.”

మునెయ్య చేతిలో తువ్వాలు సగం మడతలోనే ఉండిపోయింది. ఆమె అతని మొహంలో కోపం కోసం చూసింది. కోపమొస్తే బాగుండుననిపించింది. అది రాలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నవాడిలా నుదురు ముడిచి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“ఫోన్ చేసుంటే అయిపొయ్యేది గదా మేడమ్,” అన్నాడు చివరికి.

నాలుగేళ్లలో అతను ఆమెను మేడమ్ అనడం అదే మొదలు.

పెంచలమ్మ దారం పళ్లతో కొరికి, మాల చుట్ట చుట్టి అరిటాకులో పెట్టింది. “మీరు చేసేది ఏదో సబ్బంట గదా. పనయినాక దానంతట అది పోవాలంట. ఈయన ఇంటికొచ్చి ఎన్నోసార్లు చెప్పినాడు, మా పాప ఎంత మంచి సబ్బు చేస్తాండాదో అని.” గొంతు పెంచలేదామె. “పనయినాక పొయ్యేదానికి ఈయనేమన్నా మీ సబ్బా?”

ఉదయలక్ష్మి స్టూలు మీద నుంచి లేచింది.

“ఈడ నాకు చెప్తే ఏమొస్తాది,” అంది పెంచలమ్మ, ఇంకో దారం అందుకుంటూ. “ఆయన పేరు యాడ రాసినారో ఆడ చెప్పు పో.”

*

గురువారం పొద్దున హరినాథ్ సారు వచ్చేసరికి ఆమె ఆయన గదిలోనే, రిజిస్టరు తెరిచి కూర్చుని ఉంది. పేజీలకు అంకెలుంటాయి గనక చింపడానికి లేదు. కొట్టేస్తే ఎవరు కొట్టేశారో సంతకం పెట్టాలి. సంతకం పెట్టి కొట్టేసింది. కింద ఏడు వరుసలు రాసింది. ఇంక్యుబేటరు ఆపినది ఉదయలక్ష్మి. ఆపిన సమయం, వేసిన సమయం. ఆపిన రోజే గుర్తొచ్చినా ఎవరికీ చెప్పలేదు. గుర్తొచ్చిన సమయం సాయంత్రం నాలుగు. కాపీ డీన్ ఆఫీసుకు ఈమెయిల్‌లో పంపడమైనది.

అంతా రాశాక చూస్తే, కొట్టేసిన చోట తప్ప మునెయ్య పేరు ఇక ఎక్కడా లేదు. మళ్లీ ఏడు వ్యాసాల మాదిరే అయింది. ఆమె పెన్ను ఎత్తి పట్టుకుని కాసేపు ఆలోచించి, ఎనిమిదో వరుస రాసింది.

సారు నిలబడే చదివాడు. కళ్లద్దాలు తియ్యలేదు, అది ఇంకా భయంగా ఉంది.

“నీ ఆర్నెల్లు పోతాయి.”

“తెలుసు సార్.”

“నన్ను కూడా అడుగుతారు. నాకు తెలిసి రాశానా, తెలియక రాశానా అని.”

దానికి జవాబు చెప్పాల్సింది ఆమె కాదు గదా. ఆయన కుర్చీలో కూర్చుని, రిజిస్టరు మూసి, మళ్లీ తెరిచాడు. కిటికీ వైపు చూశాడు.

“సరే. మళ్లీ మొదలుపెట్టాలంటే రేపటికి బురద కావాలి. ఎవరు తెస్తారు?” అన్నాడు, విసుగ్గానే.

ఉదయలక్ష్మి ఫోను తీసింది. మునెయ్య పేరు పుత్తూరు దగ్గర వదిలేసిన చోటే ఉంది. ఈసారి నొక్కింది. అవతల ఎత్తింది పెంచలమ్మ.

“రాసినావా?”

“రాసినా అక్కా.”

“సదువు.”

ఆమె సారు వైపు ఒకసారి చూసి, రిజిస్టరు తన ముందుకు తిప్పుకుని చదివింది. ఇంగ్లీషులో రాసిన దాన్ని ఒక్కో వరుసా తెలుగులో చెప్పింది. నేను ఆపినాను. నాకు గుర్తొచ్చింది. నేను చెప్పలేదు. మోనిక గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఎనిమిదో వరుస దగ్గరికి వచ్చేసరికి కాస్త మెల్లగా చదివింది.

“బురద తెచ్చినవారు, మునెయ్య. బురద మంచిది. పద్నాలుగో రోజు అంకె డెబ్బై నాలుగు.”

అవతల గుడి వీధి రొద. ఫోను చేతులు మారింది.

“డెబ్బై నాలుగా,” అన్నాడు మునెయ్య.

“డెబ్బై నాలుగు, మునెయ్యన్నా. మళ్లీ వస్తావా? బురద తేవాల.”

“రేపు శుక్రవారం మేడమ్. అమ్మవారికి తామరలు ఎక్కువ పోతాయి, ఈమె ఒక్కతే సర్దుకోలేదు. శనివారం సూస్తా,” అన్నాడు. “ఆ సీసాలు మీరు కడగబాకండి. నేనొచ్చి సూసుకుంటా.”

ఫోను పెట్టేశాడు. ఆమె కొత్త పేజీ తిప్పి, మొదటి రోజు అన్నచోట శనివారం తేదీ వేసింది.